టోపీ కింద చెవి

మా ఆయన మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఏమిటంటే, ఆయన అరవరు.

పక్కింటాయన అరుస్తాడు. అరిచి, తలుపు దడాలున వేసి వెళ్ళి, కాసేపటికి పాల ప్యాకెట్లతో తిరిగొస్తాడు. ఆ ఇంట్లో గొడవ అక్కడితో సరి. మాకు ఆ అదృష్టం లేదు. చెవులు వినపడనివాళ్ళకి మిషన్లు అమర్చడం మా ఆయన పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దుకాణంలో గొంతు చించుకుని, ఇంటికొచ్చాక మిగిలింది పొదుపుగా వాడతారు. కోపం వచ్చిందా, ఆ మిగిలింది కూడా బీరువాలో పెట్టి తాళం వేసేస్తారు.

అందుకే మా చువ్వ చెవి కుట్టించుకొచ్చిన సాయంత్రం కూడా ఆయన అరవలేదు.

చువ్వ అంటే మా అమ్మాయి. పదహారేళ్ళకే వాళ్ళ నాన్న భుజం దాటిపోయింది, ఆ పొడుగుకి తగ్గ ఒళ్ళు మాత్రం చెయ్యలేదు. చెవి కుట్టించుకోవడం అంటే కింద మెత్తటి తమ్మెకి కాదు. పైన, అంచు వంపు తిరిగి గట్టిగా ఉంటుందే, అక్కడ. ఇంట్లో ఎవరినీ అడక్కుండా, స్నేహితురాలిని వెంటబెట్టుకుని బజారుకెళ్ళి, కాగితాలకి పిన్ను కొట్టినట్టు కొట్టించుకుని వచ్చి, జుట్టు వెనక్కి దువ్వుకుని మరీ భోజనానికి కూర్చుంది.

మా ఆయన ఒక్కసారి చూశారు. మనుషుల్ని మొహాలతో కాదు, చెవులతో గుర్తుపట్టే మనిషి. రెండోసారి చూడక్కర్లేదు. పళ్ళెం పక్కకి జరిపారు.

"ఆ చెవి నాకు కనపడకూడదు," అన్నారు.

లేచి చేతులు కడుక్కున్నారు. అంతే.

తీసెయ్ అనే ఆయన ఉద్దేశం. నాకు అర్థమైంది, మా అత్తయ్యకి అర్థమైంది, చువ్వకీ అర్థమైందనే అనుకున్నాను. కానీ చువ్వకి ఒక గుణం ఉంది. తనకి కోపం వచ్చినప్పుడు చెప్పిన మాట పొల్లు పోకుండా వింటుంది. మర్నాడు పొద్దున బూడిదరంగు ఉన్ని టోపీ ఒకటి చెవుల మీదికి లాక్కుని గదిలోంచి బయటికొచ్చింది. బయట ఎండ మాడ్చేస్తోంది.

"ఏమిటే అది?" అన్నాను.

"నాన్నకి కనపడకూడదట కదా."

ఆ టోపీ ఇక దిగలేదు. సెలవులు కాబట్టి అడిగే టీచర్లు కూడా లేరు. టోపీతోనే తింది, టోపీతోనే చదివింది, టోపీతోనే పడుకుంది. ఎందుకు కుట్టించుకున్నావే అని అడిగితే, బాగుంటుందని, అంది. అడిగి ఉండొచ్చుగా అన్నాను. అడిగితే వద్దనేవారు కదా, అంది. వద్దనేవారే, అన్నాను. మరి, అంది. ఆయన దగ్గరికి వెళ్ళి, ఆ టోపీ తియ్యమని ఒక మాట అనండి అన్నాను. నేను పెట్టుకోమన్నానా, అన్నారు. అదీ నిజమే. మా ఇంట్లో అందరూ నిజమే మాట్లాడుతున్నారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమే లేదు.

మాటలు ఆగిపోయినంత మాత్రాన పనులు ఆగవు కదా. ఇద్దరి మధ్యా నన్ను పోస్టు డబ్బాలా నిలబెట్టారు. మీ అమ్మాయికి చెప్పు, బాత్రూంలో లైటు ఆర్పమని. మీ ఆయనకి చెప్పు, వేసింది నేను కాదని. మొదట్లో ఉన్నదున్నట్టే చేరవేశాను. తరువాత విసుగొచ్చి కాస్త సొంత కవిత్వం కలపడం మొదలుపెట్టాను. ఆయన లైటు ఆర్పమంటే వెళ్ళి, "సరిగ్గా తింటున్నావా అని అడుగుతున్నారే నాన్న," అని చెప్పాను.

చువ్వ నా వైపు జాలిగా చూసింది.

"నాన్న అలా అడగరమ్మా. లైటు గురించి అయ్యుంటుంది," అని వెళ్ళి ఆర్పి వచ్చింది.

అప్పటికింకా నాకు నవ్వు వచ్చింది. తరువాత తరువాత అదీ రాలేదు. ఐసుగడ్డ మీద చెయ్యి అలాగే ఉంచితే ముందు మండి, కాసేపటికి చెయ్యి ఉన్నట్టే తెలియదు చూడండి, ఇల్లంతా అలా అయిపోయింది. కూరలు తరిగేదాన్ని, గిన్నెలు తోమేదాన్ని. ఏది అయిందో ఏది కాలేదో గుర్తుండేది కాదు. ఒకరోజు మడతపెట్టిన బట్టలే విప్పి మళ్ళీ మడతపెడుతున్నానని సగంలో గమనించాను. గమనించి, మిగతా సగం కూడా పూర్తి చేశాను.

మా అత్తయ్యకీ మిషను ఉంది. అమర్చింది కొడుకే. ఇంట్లో గొడవైనప్పుడల్లా దాని మీట నొక్కి కట్టేసుకుని హాయిగా కూర్చోవడం ఆవిడ అలవాటు. అలాంటి మనిషి ఆ రోజుల్లో కొడుకుని పిలిచి, మిషను పాడైనట్టుందిరా, ఏమీ వినిపించట్లేదు, అంది.

ఆయన మిషను విప్పారు. తడి చేరిందేమో చూశారు, సన్నటి బ్రష్షుతో గుబిలి తీశారు, కొత్త బ్యాటరీ వేశారు, తన చెవి దగ్గర పెట్టుకుని గోరుతో టకటకా కొట్టి చూశారు. బాగానే ఉంది. తల్లి చెవికి మళ్ళీ అమర్చారు.

అత్తయ్య తల పక్కకి వంచి కాసేపు కూర్చుంది. హాల్లో నేనున్నాను, ఆయనున్నారు, టోపీ పెట్టుకుని చువ్వ ఉంది. ఫ్యాను తిరుగుతోంది.

"ఊఁహూఁ. ఏమీ రావట్లేదు," అంది అత్తయ్య.

మా ఆయన పాత బ్యాటరీ జేబులో వేసుకుని దుకాణానికి వెళ్ళిపోయారు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆగి, ఆవిడ నాతో మెల్లిగా అంది.

"ఆ ఫ్యాను కిరకిరలాడుతోందమ్మాయ్. నూనె వేయించు."

ఆ మర్నాడు చువ్వ టిఫిను సగంలో వదిలేసి, మీ ఆయన్ని ఒక మాట అడుగు, అంది.

"ఏమని?"

"చెవి వేడిగా ఉండటం మామూలేనా అని."

టోపీ మీదికి చెయ్యి పోనిచ్చాను. వెనక్కి జరిగింది. కనపడకూడదన్నది నాన్నకే కదే, నాకు చూపించు, అన్నాను. నీకు చూపిస్తే వెళ్ళి చెప్తావు, చెప్తే ఆయనకి చూపించినట్టే, అంది. లాయరు కావలసిన పిల్ల. ఈసారి సొంత కవిత్వం ఏమీ కలపకుండా, ఆయన చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ ఉండగా వెళ్ళి చెప్పాను. చెవి వేడిగా ఉందంటోంది, కాస్త చూడండి, అన్నాను.

ఆయన అద్దంలోంచి కళ్ళు తిప్పలేదు.

"చెవి చూపించుకోవాలంటే దుకాణానికి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోమను. అందరూ అలాగే వస్తారు."

అది వెటకారం. ఆయన నోట వెటకారం వచ్చిందంటే కోపం కరగడం మొదలైందని లెక్క. కాబట్టి నేను లోపల్లోపల సంతోషించాను కూడా. వంటింట్లోకి వచ్చి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను.

చువ్వ చెయ్యి తుడుచుకుని ఫోన్ తీసింది.

దుకాణంలో రిసెప్షన్ చూసే అమ్మాయి గొంతు గుర్తుపట్టి నవ్విందట. చువ్వ నవ్వలేదు. మధ్యాహ్నం ఖాళీ ఉంది రమ్మంది. చువ్వ నన్ను తోడు రమ్మంది. నేను వెళ్ళింది మటుకు తమాషా చూడ్డానికే. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటే ఎవరో ఒకరు నవ్వేస్తారు, ఈ పీడ వదిలిపోతుంది అనుకున్నాను.

దుకాణం చిన్నదే. ముందు గదిలో కుర్చీలు, లోపల చప్పుడు చొరబడని ఒక చిన్న అర, దాని పక్కన ఆయన గది. ముందు గదిలో అద్దాల అల్మరా నిండా మిషన్ల నమూనాలు, వాటి మధ్య తెల్లటి ప్లాస్టర్ చెవి ఒకటి. అది చువ్వ ఎడమ చెవి, ఇప్పుడు కుట్టించుకున్నదే. చిన్నప్పుడు ఏవో సెలవుల్లో ఆయన సరదాకి అచ్చు తీశారు. చెవి మీద చల్లటి ముద్ద పోస్తుంటే కితకితలని నవ్వి ముందు తీసిన అచ్చులు పాడుచేసిందట. చివరికి ఒకటి నిలిచింది. మిషను ఎక్కడ కూర్చుంటుందో వచ్చినవాళ్ళందరికీ ఆయన ఆ చెవి మీదే పెట్టి చూపిస్తారు.

మా ముందు ఒక ముసలాయన, ఆయన కోడలు ఉన్నారు. తలుపు తెరిచే ఉంది. మా ఆయన ఆ కోడలికి చెబుతున్నారు. వినపడే చెవి వైపు కూర్చుని మాట్లాడాలమ్మా. వెనకనుంచి అరిస్తే లాభం లేదు. మీ మొహం ఆయనకి కనపడాలి. వినపడలేదంటే విసుక్కోకుండా ఇంకోసారి చెప్పాలి.

ఎంత ఓర్పుగా చెప్పారో. ఆ గొంతు విని చాలా రోజులైంది.

వాళ్ళు వెళ్ళాక రిసెప్షన్ అమ్మాయి తలెత్తకుండా, తరువాతివాళ్ళు రావచ్చు, అంది. చువ్వ లోపలికెళ్ళి కుర్చీలో కూర్చుంది. మా ఆయన చేతులు తుడుచుకుంటూ వెనక్కి తిరిగి, ఆగిపోయారు. నా వైపు చూశారు. నేను గోడ మీది పటంలో చెవి లోపలి భాగాలు చదువుకుంటూ నిలబడ్డాను.

"ఏమిటిది?" అన్నారు.

"అపాయింట్‌మెంట్ తీసుకునే వచ్చాను. మీరు చూస్తారా?" అంది చువ్వ.

మాటలు వచ్చిన దగ్గర్నుంచి ఆయన్ని ఎదురుగా నువ్వు అనే పిల్ల, మీరు అంది. ఎవరూ నవ్వలేదు.

"టోపీ తియ్యి."

"తీస్తే కనపడుతుంది."

"కనపడనీ."

తీసింది. తీసింది అనకూడదు, ఒలిచింది. ఉన్ని అతుక్కుపోయి ఉంది.

చెవి పైభాగం వాచి, ముదురు ఎరుపెక్కి, తల నుంచి విడిగా నిలబడి ఉంది. తోలు బిగుసుకుని మెరుస్తోంది. కుట్టించుకున్న పోగు తాలూకు పూస ఆ వాపులో కూరుకుపోయి, ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. కింద తమ్మె మాత్రం తనకేమీ సంబంధం లేనట్టు మామూలుగా ఉంది.

నాకు కేక రావాలి. రాలేదు. ఈ టోపీ వేడినీళ్ళలో నానబెట్టాలి అనుకున్నాను. ఆ క్షణాన నేను అనుకున్నది అదొక్కటే.

మా ఆయన లైటు దగ్గరికి లాగారు. చెవి ముట్టుకోలేదు. వంగి వాసన చూశారు. అరచెయ్యి తిరగేసి చువ్వ మెడ మీద పెట్టి చూశారు. ఎప్పట్నుంచి అని అడిగారు. టోపీ పెట్టుకున్న దగ్గర్నుంచి కొంచెం కొంచెంగా, అంది.

"చెప్పలేదేం?"

"పొద్దున అడిగించాను కదా," అంది చువ్వ.

అందులో నిష్ఠూరమేమీ లేదు. అడిగారు కాబట్టి చెప్పింది.

ఆయన మిగతావాళ్ళందరికీ ఇవాళ కుదరదని చెప్పమని రిసెప్షన్ అమ్మాయికి చెప్పారు. మేము మెట్లు దిగుతుంటే వెనక అద్దాల అల్మరా తలుపు తీసి వేసిన చప్పుడైంది. టాక్సీలో ఆయన ముందు కూర్చున్నారు. ఆసుపత్రి వచ్చేదాకా వెనక్కి తిరగలేదు.

చెవి డాక్టరు ఆయనకి బాగా తెలిసినావిడే. ఒకరికొకరు రోగుల్ని పంపుకుంటారు. ఆవిడ చూసి, మీ ఇంట్లోనే ఇంత ముదిరేదాకా ఎలా ఊరుకున్నారండీ, అంది. నిందించాలని కాదు, నిజంగానే ఆశ్చర్యపోయింది. పైభాగంలో ఉండేది మెత్తటి ఎముక, దానికి రక్తం అందేదే తక్కువ, చీము పట్టిందంటే కరిగిపోతుంది, కరిగితే చెవి ముడుచుకుపోతుంది, అని ఆవిడ నాకు వివరిస్తోంది. ఆవిడ మాట పూర్తిచెయ్యకముందే మా ఆయన పెదవులు కదులుతున్నాయి. అన్నీ ఆయనకి తెలిసినవే.

ఇప్పుడే కోసి చీము తియ్యాలంది. ఆకారం నిలుస్తుందో లేదో రేపు కట్టు విప్పి చూస్తే గానీ చెప్పలేనంది.

మా ఆయన జేబులోంచి చేతిరుమాలు మూట తీసి బల్ల మీద విప్పారు. తెల్లటి ప్లాస్టర్ చెవి.

"ఇలా ఉండేది," అన్నారు.

డాక్టరమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసింది. ఏమనాలో ఆవిడకి తోచలేదు పాపం. "బాగుందండీ," అంది.

చువ్వని లోపలికి తీసుకెళ్ళారు. మేమిద్దరం వరండాలో బల్ల మీద కూర్చున్నాం. మధ్యలో చేతిరుమాలు మూట.

తీసెయ్ అని ఒక్క మాట అనుంటే పోయేది, అన్నాను. అదే అన్నాను కదా, అన్నారు. మీరన్నది అది కాదు, అన్నాను. కాసేపటికి, ఆ బజారువాడికి బుద్ధుండక్కర్లేదా, అన్నారు. ఆ స్నేహితురాలు మంచి పిల్ల కాదని నేను ముందే అన్నాను, అన్నారు.

"పోనీ, అంత బిగుతు టోపీ దానికి ఎవరు కొనిచ్చారు?"

"మీరే. కిందటి చలికాలం."

ఆయన ఎదురు గోడకేసి చూస్తూ కూర్చున్నారు. ఒక నర్సు ఖాళీ చక్రాల కుర్చీ తోసుకుంటూ వెళ్ళింది. అది మలుపు తిరిగేదాకా ఇద్దరం దాన్నే చూశాం.

"అడిగుంటే ఎందుకు వద్దో చెప్పేవాణ్ణి. ఆ చోటు ఎంత ప్రమాదమో నాకు తెలిసినంత ఎవరికి తెలుసు?" అన్నారు.

"అది జుట్టు వెనక్కి దువ్వుకుని వచ్చింది. గమనించారా?"

"ఎప్పుడు?"

"ఆ రోజు, భోజనానికి. దాచుకోవాలనుకుంటే జుట్టు వదిలేసేది, నెలరోజులు మనకి తెలిసేది కాదు. మీరేమంటారో విందామనే మీ ఎదురుగా కూర్చుంది."

ఆయన మూట తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

చువ్వని గదిలోకి తెచ్చేసరికి సాయంత్రమైంది. ఎడమ చెవి మీద దూదీ గుడ్డా కలిపి కట్టిన కట్టు ఆ టోపీ కన్నా పెద్దగా ఉంది. అత్తయ్య కూడా వచ్చింది. పక్కింటాయన తీసుకొచ్చి దింపాడు, ముందు వెళ్ళే బళ్ళన్నిటి మీదా అరుస్తూనే వచ్చాడట. ఆవిడ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, మనవరాలి కాళ్ళ మీద దుప్పటి సర్దింది. ఇంటి నిశ్శబ్దాన్నే మూటగట్టుకుని ఇక్కడికి తెచ్చుకున్నట్టు నలుగురం కూర్చున్నాం.

చువ్వ పైకప్పుకేసి చూస్తూ అంది.

"అమ్మా, మీ ఆయన్ని అడుగు. రేపు కట్టు విప్పేటప్పుడు లోపలుంటారా, బయటుంటారా అని."

ఆయన మంచానికి ఎడమ పక్కనే నిలబడి ఉన్నారు. చెయ్యి చాపితే అందే దూరం. నేను నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను. పోస్టు డబ్బా ఉద్యోగానికి అక్కడే రాజీనామా ఇచ్చాను.

"నువ్వే అడుగు," అన్నాను.

చువ్వ అడగలేదు. సీసాలోంచి మందు చుక్కలు చుక్కలుగా దిగుతోంది. ఆయన దాని వేగం చూశారు, గొట్టం సరిచేశారు, సరిగ్గా ఉన్నదాన్నే మళ్ళీ సరిచేశారు. తరువాత ఆ కట్టు మీదికి వంగి ఏదో అన్నారు. బీరువాలోంచి బయటికి రావడానికి మొహమాటపడుతున్న గొంతు. పక్కనున్న నాకే సగం వినపడింది.

"ఇటువైపు వచ్చి చెప్పు నాన్నా. ఆ చెవి వినపడట్లేదు," అంది చువ్వ.

ఆయన మంచం చుట్టూ తిరిగి వచ్చారు. స్టూలు లాక్కున్నారు. తన మొహం దానికి సరిగ్గా కనపడేలా కూర్చున్నారు.

"కుట్టించుకోవడం సంగతి తరువాత మాట్లాడుకుందాం. అది వేరు. ఆ చెవి చూడనన్నాను చూడు, అది తప్పు. నాదే తప్పు," అన్నారు.

చువ్వ ఆయన మొహంకేసి చూస్తూనే ఉంది. క్షమించినట్టు లేదు, క్షమించనట్టూ లేదు.

"రేపు లోపలుంటావా?"

"ఉంటాను."

"ముడుచుకుపోయి ఉన్నా చూస్తావా?"

ఆయన తలూపబోయారు. ఈలోగా కిటికీ దగ్గర్నుంచి అత్తయ్య గొంతు సవరించుకుంది.

"ఏమన్నాడే వాడు? ముందన్న మాట సరిగ్గా వినపడలేదు. మిషను మళ్ళీ పాడైనట్టుంది."

వేసింది కొత్త బ్యాటరీ. ఆవిడ చెవి వెనక చిన్న ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉంది. అది నేను చూశాను. ఆయనా చూశారు.

ఆయన స్టూలు అటు తిప్పుకుని, తల్లికి తన మొహం కనపడేలా వంగి, విసుక్కోకుండా ఇంకోసారి చెప్పారు.

"తప్పు నాదమ్మా."